ఇల్లు గడవాలి, చేతిపని సాగాలి: ఇంట్లోనే ఆర్డర్లు చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

హన్మకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్... ఏ కాలనీకి వెళ్లినా వీధికో ఇంట్లో మగ్గం ఫ్రేమ్, అంటే జాకెట్ గుడ్డను బిగించి కట్టి దాని మీద పూసలు, జరీ కుట్టే చట్రం కనిపిస్తుంది. పక్కింట్లో సిల్క్ దారపు గాజులు, పై పోర్షన్‌లో ఫ్యాబ్రిక్ పెయింటింగ్, ఇంకొకరు క్రోషా, మరొకరు రిటర్న్ గిఫ్టులకు జనపనార సంచులు. పని వచ్చినవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. పని బాగా వచ్చి కూడా రెండు మూడేళ్లకే ఫ్రేమ్ విప్పి అటకెక్కించిన వాళ్లకూ కొదవ లేదు. ఎందుకు మానేశావని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఇంట్ల కుదరలె."

ఆ కుదరకపోవడం ఫ్రేమ్ దగ్గర మొదలవదని నా నమ్మకం. ఫోన్‌లో "సరే అక్కా, చేసిస్తా" అన్న నిమిషంలోనే అది మొదలవుతుంది. చేతిలో ఎన్ని గంటలున్నాయో, ఆ పనికి ఎన్ని గంటలు పడతాయో చూసుకోకుండా ఒప్పుకున్న ఆర్డరే రాత్రి నిద్రను, పిల్లల హోంవర్కును, పండుగ పూట వంటను తినేస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో సూది ఎలా పట్టాలో చెప్పడం లేదు. ఒప్పుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క, ఒప్పుకున్నాక ఇంటితో పాటు పనిని నడిపించే పద్ధతి, ఈ రెండింటి గురించే రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మగ్గం వర్కువి, ఎందుకంటే మన దగ్గర ఇళ్లలో ఎక్కువగా నడిచేది అదే. మిగతా పనులకూ లెక్క ఇదే.

మొదటి అడుగు: ఒక వారం ఇంటి గడియారాన్ని రాయండి

పాత నోటుబుక్ ఒకటి తీసుకోండి. ఒక వారం పాటు ఏ మార్పూ చేయకుండా రోజు ఎలా నడిస్తే అలా రాయండి. నల్లా ఎప్పుడు వస్తుంది, టిఫిన్ బాక్సులు ఎప్పుడు సర్దుతారు, స్కూల్ బస్సు ఎన్నింటికి, అత్తమ్మకు మందులు ఎప్పుడు, మధ్యాహ్నం ఎవరు అన్నానికి ఇంటికొస్తారు, సాయంత్రం ట్యూషన్‌కు ఎవరు దింపుతారు. పొద్దుగాల మీరు లేచినప్పటి నుంచి దీపం ఆర్పేదాకా ఏదీ వదలొద్దు.

వారం అయ్యాక ఎర్ర పెన్నుతో, ఎవరూ పిలవకుండా కనీసం 45 నిమిషాలు కూర్చోగలిగిన చోట్లు గుర్తుపెట్టండి. వీటిని పెద్ద ముక్కలు అనుకుందాం. పావుగంట, ఇరవై నిమిషాలు దొరికేవి చిన్న ముక్కలు, వాటిని వేరే రంగుతో గీయండి. ఎక్కువ ఇళ్లలో పెద్ద ముక్క పిల్లలు బడికి వెళ్లాక తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర మధ్య దొరుకుతుంది. చిన్న ముక్కలు మాత్రం రోజంతా చెల్లాచెదురుగా ఉంటాయి.

పెద్ద ముక్కల గంటలన్నీ కూడండి. వచ్చిన లెక్కలో మూడింట రెండు వంతులే మీవి అనుకోండి. మిగిలిన వంతు జ్వరాలకు, చుట్టాలకు, కరెంటు కోతకు, బ్యాంకు పనికి పోతుంది. అది పోదు అనుకుని ఆర్డర్ ఒప్పుకోవడమే అసలు ప్రమాదం. ఉదాహరణకు వారానికి 18 గంటలు తేలితే 12 గంటలకే ఆర్డర్లు తీసుకోవాలి. ఏ వారమైనా ఆ వంతు కూడా మిగిలితే సంతోషం. ముందుగా పూర్తయిన పనిని ఎవరూ వద్దనరు.

ఇంట్లో ఏడాదిలోపు పాప ఉంటే ఈ లెక్కతో పనిలేదు. ఆ ఏడాది పెద్ద ఆర్డర్లు మానుకుని, తేదీ లేని చిన్న పనులే పెట్టుకోవడం మంచిది. చేయి అలవాటు తప్పకుండా ఉంటే చాలు.

రెండో అడుగు: పనిని ముక్కలు చేయండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన చుట్టుపక్కల పాత చేతిపనులన్నీ ఇళ్లలోనే పుట్టాయి. సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ బొమ్మల సంగతే చూడండి. బొమ్మ గీయడానికి ముందు ఖాదీ గుడ్డను తయారు చేయాలి. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక కలిపి మూడు పూతలు వేస్తారు. ఒక పూత బాగా ఆరాకే ఇంకొకటి. ఆ ఆరే సమయం అంతా ఇంటిది. మళ్లీ గీతలు గీయడం ఒక దశ, రంగులు నింపడం ఇంకో దశ. ఒక ఇంట్లోనే ఒకరు గుడ్డ తయారుచేస్తే మరొకరు గీస్తారు, ఇంకొకరు రంగులద్దుతారు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లలోనూ అంతే: నేసేవాళ్లు ఒకరైతే, నూలు చుట్టేవాళ్లు ఒకరు. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన వరంగల్ జంపఖానాల వెనక ఈ పంపకమే ఉంది. నిర్మల్ కొయ్యబొమ్మల్లోనూ పొనికి చెక్కను చెక్కడం, చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టుతో భాగాలు అతికించడం, రంగులు వేయడం దేనికదే.

అయితే ఆ ఇళ్లకూ మన ఇళ్లకూ ఒక తేడా ఉంది. అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే వృత్తిలో ఉంటారు. మన దగ్గర ఒక్కరే పనిచేస్తారు, మిగతావాళ్లంతా స్కూలు బస్సు, ఆఫీసు బండి టైంతో బతుకుతారు. కాబట్టి మనుషుల మధ్య పంచుకోవడానికి కుదరనిదాన్ని మనం గంటల మధ్య పంచుకోవాలి. ఏ దశ పని ఏ రకం గంటలో పెట్టాలో ముందే తెలిసి ఉండాలి.

పెళ్లి జాకెట్ ఒకటి తీసుకుందాం. మెడకు, రెండు చేతులకు ఓ మోస్తరు డిజైన్. దాన్ని ఇలా విడదీయొచ్చు.

ట్రేసింగ్ కాగితం మీద డిజైన్ గీసి, సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని రుద్ది గుడ్డ మీదికి దించడం: గంటన్నర. ఇది ఒక్క బిగిన జరగాల్సిన పని. మధ్యలో లేస్తే కాగితం కదిలి గీత రెండుగా పడుతుంది. దీనికి పెద్ద ముక్కే కావాలి, అదీ పొద్దుటి వెలుతురులో. కిరోసిన్ వాసన ఉంటుంది కాబట్టి కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోవాలి.

గుడ్డను ఫ్రేముకు కట్టడం: అరగంట. నాలుగు వైపులా ఒకే బిగువు రావాలి. తబలా మీద వేలితో కొడితే వచ్చినట్టు గుడ్డ టక్‌మనాలి. దీనికి ఇంకొకరు చేయి వేస్తే సగం టైం చాలు. సాయంత్రం మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకోండి.

అంచు గీతలు, చైన్ కుట్టు: మూడు గంటలు. చేయి అలవాటైతే ఇది ముక్కలు ముక్కలుగా చేసుకోవచ్చు. పప్పు కుక్కర్ మీదుండగా కూడా నడుస్తుంది.

రెండు చేతుల డిజైన్: ఎనిమిది గంటలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఒక చేయి ఈ వారం, ఇంకో చేయి వచ్చే వారం చేస్తే కుట్టు బిగువు మారిపోతుంది, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అందుకని ఒక చేతిలో ఒక పువ్వు, వెంటనే రెండో చేతిలో అదే పువ్వు చేస్తూ పోవాలి.

మెడ, వీపు మీది ముఖ్యమైన బుట్టా: నాలుగు గంటలు. జర్దోసి (జరీ తీగ పని), కుందన్స్ (మెరుపు రాళ్లు) అన్నీ ఇక్కడే. ఎవరూ పిలవని పెద్ద ముక్క కోసం దీన్ని అట్టే పెట్టండి. రాత్రి పదకొండింటికి దీన్ని ముట్టుకోవద్దు.

వెనక దారాలు కత్తిరించడం, వదులు పూసలు బిగించడం, ఫొటో తీయడం: గంట. టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

మొత్తం 18 గంటలు. వారానికి 12 గంటలున్న మనిషికి ఇది వారంన్నర పని. అంటే కస్టమర్‌కు రెండు వారాలు చెప్పాలి. "నాలుగు రోజుల్లో ఇస్తా" అన్న మాట ఎక్కడిదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అది నిద్రలోంచి తీసిచ్చే మాట.

మీ పని ఏదైనా ఇలాగే ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి: కదలకుండా చేయాల్సినవి, ఆపి మళ్లీ మొదలుపెట్టగలిగేవి, పక్కన పిల్లలున్నా చేసుకోగలిగేవి. గాజుల పనిలో దారం చుట్టడం రెండోది, కుందన్స్ అతికించడం మొదటిది, రంగుల వారీగా దారాలు ఏరడం మూడోది. రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) పనిలో కలపడం, పోయడం కచ్చితంగా మొదటిది. ఒకసారి కలిపాక అది మీకోసం ఆగదు, గట్టిపడటం మొదలవుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తలుపు వేసుకుని చేయాల్సిన పని అది. కాగితాన్ని బీరువా తలుపు లోపల అంటించండి. పావుగంట దొరికిన ప్రతిసారీ "ఇప్పుడేం చేయాలి" అని ఆలోచిస్తూ కూర్చుంటే ఆ పావుగంట ఆలోచనకే అయిపోతుంది.

మూడో అడుగు: చోటు చూసుకోండి

విడిగా గది ఉన్నవాళ్లు అదృష్టవంతులు. రెండు గదుల ఇంట్లో ఉన్నవాళ్లు మూడు సంగతులు చూసుకుంటే చాలు: వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి (ఎడమ చేతివాటమైతే కుడి వైపు నుంచి), వంటింటి పోపు పొగ తగలకూడదు, పరిచిన పని ఎత్తకుండా అలాగే ఉంచగలగాలి. మూడోది చాలామంది పట్టించుకోరు. రోజూ పని తీసి పరచడానికి, మళ్లీ సర్దడానికి అరగంట పోతే, మీ పెద్ద ముక్క అక్కడికక్కడే చిన్నదైపోతుంది. పెద్ద ఫ్రేముకు చోటు లేకపోతే గోడకు నిలబెట్టగలిగే సన్నటి ఫ్రేము చేయించుకోండి. పని ఆపగానే దాన్ని పాత కాటన్ చీరతో కప్పి నిలబెట్టేయొచ్చు. కప్పకుండా వదిలితే పసుపు చేయి ఎవరిదో ఒకరిది పడుతుంది. కస్టమర్ గుడ్డ మీద పడ్డ మరకకు జవాబు చెప్పాల్సింది మీరే.

పూసలు గిన్నెలో పోసుకోవద్దు. అంచున్న స్టీలు పళ్లెంలో వెల్వెట్ గుడ్డ ముక్క పరిచి దాని మీద పోయండి. దొర్లవు, సూదికి ఇట్టే అందుతాయి, పళ్లేనికి ఎవరి కాలైనా తగిలినా ఇల్లంతా పడవు. ఇక పూర్తిగా మూత పెట్టి పైన ఉంచాల్సిందే అన్న నియమం మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి. ఆ వయసు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు, చిన్న పూస గొంతులో, ముక్కులో ఇరుక్కునే ప్రమాదం నిజంగా ఉంది.

సూదులు మాత్రం లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి పెట్టండి. మూడు సూదులతో కూర్చుంటే లేచేటప్పుడు మూడూ డబ్బాలో ఉండాలి. ఒక చిన్న అయస్కాంతం దగ్గరుంచుకుంటే చాప మీద పడ్డ సూది వెంటనే దొరుకుతుంది. రెసిన్ చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట, పిల్లలు ఇంట్లో లేనప్పుడే చేయాలి. పోసిన అచ్చును పూర్తిగా గట్టిపడేదాకా, అంటే కనీసం ఒక రోజు, అందని ఎత్తులో ఉంచాలి.

ఎండాకాలం మన దగ్గర మధ్యాహ్నం పట్టు గుడ్డ మీద చేయి పెడితే చెమట మరక పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పనిని పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్యకు జరపండి. వానాకాలం ఇబ్బంది ఇంకో రకం: రంగు ఆరదు, జిగురుకు బూజు పడుతుంది. ఆరబెట్టే దశలున్న పనులకు ఆ నెలల్లో ఒకటికి రెండు రోజులు వేసుకోవాలి.

నాలుగో అడుగు: ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడండి

పనెక్కువై, ఒళ్లు అలిసిపోయి, కోపంగా ఉన్నప్పుడు మాట్లాడితే ఆ మాట గొడవగానే మిగులుతుంది. కొత్త నెల మొదట్లో, అందరూ తిని కూర్చున్నప్పుడు మాట్లాడండి. మీ వారం గడియారం, ఆర్డర్ల పుస్తకం ముందు పెట్టి చూపించండి. నోటితో "నాకు టైం దొరుకుతలేదు" అంటే వినిపించనిది, కాగితం మీద కనిపిస్తుంది.

అడిగేది పెద్దగా, గుండ్రంగా ఉండొద్దు. "కొంచెం సాయం చేయండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "మంగళ, గురువారాలు ట్యూషన్‌కు మీరు దింపండి, ఆ గంట నేను మెడ డిజైన్ పెట్టుకుంటా" అంటే వెంటనే తేలిపోతుంది. అత్తమ్మతో మాట ఇంకా మెత్తగా ఉండాలి. "అత్తమ్మా, పది నుంచి పన్నెండు దాకా ఎవలన్న వస్తే మీరే మాట్లాడుండ్రి, నేను ఫ్రేము కాడ ఉంటా" అని చెప్తే ఆమెకు కూడా ఇంట్లో ఒక బాధ్యత అప్పజెప్పినట్టుంటుంది. ఊళ్లో పెరిగిన పెద్దవాళ్లలో చాలామందికి పూలు కట్టడం, గునుగుకు రంగు అద్దడం, బొంతలు కుట్టడం వచ్చు. చేతిపని విలువ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అడగనందుకే వాళ్లు దూరంగా ఉంటారు. దారాలు చుట్టడమో, పూసలు ఏరడమో అడిగి చూడండి. కంటిచూపు సరిగా లేకపోతే మాత్రం అడగొద్దు, పక్కన కూర్చుని మాట్లాడినా చాలు.

పక్కింటి తోటికోడలు, ఆడబిడ్డ "ఇంట్లనే ఉంటవు గదా" అని పనులు చెప్పడం మామూలే. గొడవ అక్కర్లేదు. "పన్నెండు దాటినంక వస్తా వదినా" అని ప్రతిసారీ అదే టైం చెప్పండి. కొన్ని వారాల్లో ఆ టైం అందరికీ నోటికి వస్తుంది.

పిల్లల సంగతి కాస్త ఆగి చెప్పాలి. "ముట్టుకోకు" అన్న మాట ఒక్కటే వింటే వాళ్లకు అమ్మ పని శత్రువైపోతుంది. వారంలో ఒక పూట, ఆదివారం మధ్యాహ్నం అనుకోండి, ఆర్డర్లన్నీ కప్పేసి వాళ్లతో కలిసి ఒక పని చేయండి. నేను చెప్పేది చేర్యాల పద్ధతిలో కొబ్బరిచిప్ప ముఖం. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు, విషపదార్థమూ లేదు, తప్పు పోయినా నష్టం లేదు.

చింతగింజలు ఒక గుప్పెడు రాత్రంతా నానబెట్టండి. పొద్దున పొట్టు తీసి మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్న మంట మీద కలుపుతూ ఉడికిస్తే చిక్కటి జిగురవుతుంది. పొయ్యి దగ్గర పని మీది, నానిన గింజ పొట్టు తీయడం పిల్లలది. కట్టె కోత మిల్లులో అడిగితే రంపపు పొట్టు ఊరికే ఇస్తారు. దాన్ని పిండి జల్లెడతో జల్లించి, చల్లారిన జిగురులో చపాతీ పిండిలా కలపండి. ఎండిన కొబ్బరిచిప్పను గరుకు కాగితంతో పైన రుద్ది, ఆ ముద్దతో ముక్కు, కనుబొమ్మలు, పెదాలు పెట్టించండి. ముద్ద మందంగా పెడితే ఆరేటప్పుడు పగులుతుంది, పల్చగా రెండుసార్లు పెట్టాలి. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టొద్దు. పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పిల్లలు బడి నుంచి రాగానే వెళ్లి ముట్టి చూస్తారు. తర్వాతి ఆదివారం తెల్ల రంగు పూత, ఆ పై ఆదివారం ఎరుపు, పసుపు, నలుపు. ఒక్క ముఖానికి మూడు ఆదివారాలు. ఆరే దాకా ఆగాలన్న సంగతి పిల్లలకు చేతితోనే తెలుస్తుంది. ఆ తర్వాత "అమ్మ కుందన్స్ ఆరుతున్నాయి" అంటే ఇంక వివరించక్కర్లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఆర్డర్ పనిలో పిల్లల చేత కుట్టించొద్దు. సరదాకు నేర్చుకోవడం వేరు, తేదీ ఉన్న పనికి వాళ్ల చదువు, ఆట వాడుకోవడం వేరు.

అయిదో అడుగు: ఆర్డర్ల పుస్తకం, పంచాంగం పక్కపక్కన పెట్టుకోండి

పుస్తకంలో ఒక్కో ఆర్డర్‌కు ఒక పేజీ. పేరు, గుడ్డ రంగు, ఒప్పుకున్న డిజైన్ ఫొటో నంబర్, ధర, అడ్వాన్స్, గుడ్డ ఇచ్చిన రోజు దాని మీదున్న మరకలు లేదా లోపాలు, మీరు అనుకున్న గంటలు, నిజంగా పట్టిన గంటలు. ఈ చివరి రెండూ తప్పకుండా రాయండి. పది ఆర్డర్లయ్యాక మీ అంచనా ఎక్కడ తప్పుతోందో కళ్లకు కనిపిస్తుంది. చాలామందికి కుట్టు అంచనా సరిగ్గానే ఉంటుంది. ట్రేసింగ్, డిజైన్ మార్పులు, ఫోన్ మాటలు లెక్కలోకి రావు.

తేదీ ఇచ్చేటప్పుడు పెళ్లి రోజు నుంచి వెనక్కి రండి. పెళ్లికి వారం ముందు జాకెట్ పెళ్లికూతురి చేతిలో ఉండాలి, సైజు తేడా వస్తే సరిచేయాలి కదా. టైలర్‌కు సీజన్‌లో కనీసం అయిదు రోజులు. అంటే పెళ్లికి 12 రోజుల ముందు మీ చేతి నుంచి వెళ్లాలి. దానికి మీ రెండు వారాలు కలపండి. పెళ్లికి నెల రోజులు లేకుండా వచ్చిన పెద్ద డిజైన్ ఒప్పుకోవద్దు, లేదంటే చిన్న డిజైన్‌కు ఒప్పించండి.

"అక్కా, ఎల్లుండికి కావాలె, ఎట్లనన్న చేసి ఇయ్యి" అని ఫోన్ వస్తుంది. అప్పటికప్పుడు అవుననొద్దు, కాదనొద్దు. "పుస్తకం చూసి అరగంటలో చెప్తా చెల్లె" అనండి. ఆ అరగంటలో మొహమాటం తగ్గి లెక్క పనిచేస్తుంది. కుదరకపోతే, కుదిరేది చెప్పండి: "మొత్తం కాదు గానీ చేతుల అంచుకు పూసలు వేసిస్తా." అది కూడా కుదరకపోతే మీకు తెలిసిన ఇంకొకరి నంబర్ ఇవ్వండి. ఇవాళ మీరు పంపిన పని, రేపు మీ ఇంట్లో కష్టమొచ్చినప్పుడు ఆమె మీకు చేసే సాయమై తిరిగొస్తుంది.

ఏడాదిని కూడా ఇలాగే పరుచుకోవాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో పెళ్లిళ్లుండవు. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం నెలల్లో ఫోన్ ఆగదు. మూఢాలు ఏటా మారుతాయి కాబట్టి ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాల నెలలు గుర్తుపెట్టుకోండి. వాటి పక్కనే పిల్లల ఏడాదిని రాయండి: జూన్‌లో బడులు తెరిచే వారం, దసరా సెలవులు, మార్చిలో పరీక్షలు, ఒంటిపూట బడులు. ఒంటిపూట బడులు మొదలవగానే మీ పెద్ద ముక్క సగమైపోతుంది, పెళ్లిళ్ల ఒత్తిడేమో అప్పుడే ఉంటుంది. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఆ మార్చిలో ఆర్డర్లు సగానికి తగ్గించుకోండి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లకు నాట్లు, పత్తి ఏరే రోజులు కూడా ఇందులో పడాలి.

బతుకమ్మ తొమ్మిది రోజులకు నా సలహా ఒకటే. ఎంగిలిపూల నాటికి చేతిలో ఉన్నవన్నీ ఇచ్చేయండి, సద్దుల బతుకమ్మ దాకా కొత్త తేదీ ఎవరికీ ఇవ్వొద్దు. తంగేడు, గునుగు తేవడం, పేర్చడం, ఆడటం, సద్దులు చేయడం మధ్య ఫ్రేము ముందు కూర్చుంటే అటూ పని కాదు, ఇటూ పండుగ కాదు. బతుకమ్మను పేర్చడం కూడా చేతిపనే, దానికి మీ చేతులు తీరుబడిగా ఉండాలి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వచ్చినప్పుడూ అంతే. జాతర వారం హన్మకొండ, వరంగల్, ములుగు దారిలో ఉన్న ఇళ్లకు చుట్టాలు దిగుతారు, మీరూ వెళ్తారు. ఆ వారాన్ని ముందే కొట్టేయండి. సంక్రాంతికి సకినాలు చుట్టే రెండు రోజులూ అంతే.

ఆరో అడుగు: ధర గంటలతో కట్టండి

ధర తక్కువగా కడితే ఎక్కువ ఆర్డర్లు తీసుకోవాల్సి వస్తుంది, ఎక్కువ ఆర్డర్లంటే ఇంటి గంటలు పోతాయి. కాబట్టి ధర సంగతి కూడా కుటుంబం సంగతే.

పైన చెప్పిన జాకెట్‌కు సామాను 700 రూపాయలు అనుకోండి. మీ గంటకు 70 రూపాయలు వేసుకుంటే 18 గంటలకు 1,260. దారి ఖర్చు, కరెంటు, విరిగిన సూదులు, రిపేర్లకు పదో వంతు, అంటే దాదాపు 200. మొత్తం 2,160, కస్టమర్‌కు 2,200 చెప్పండి. ఎవరైనా 1,500కు చేస్తున్నారంటే వాళ్లు గంటకు ఎంత మిగుల్చుకుంటున్నారో మీ లెక్కతో చూడండి, 35 రూపాయలు కూడా రావు. బేరం వస్తే ధర దించకుండా డిజైన్ దించండి. సగం అడ్వాన్స్ లేకుండా సూది పెట్టొద్దు, దగ్గరి చుట్టాలకైనా సరే. అత్తగారి వైపు, అమ్మగారి వైపు చుట్టాల కోసం ఏడాదికి రెండు మూడు జాకెట్లు కానుకగా చేయాలనుకుంటే అవి కూడా పుస్తకంలో గంటలతో సహా రాయండి.

డబ్బును విడిగా ఒక ఖాతాలో వేయండి. నెల చివర ఇంటికి ఎంత వచ్చిందో అంకె కనిపిస్తే, ట్యూషన్‌కు దింపమని అడగడం ఇంకాస్త తేలికవుతుంది. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితమే, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. మహిళా సంఘంలో ఉంటే బ్యాంకు అప్పుకు అదే మొదటి దారి. చేతివృత్తుల వాళ్ల కోసం 2023లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీలు, సంప్రదాయ బొమ్మలు చేసేవాళ్లు, బుట్టలు, చాపలు అల్లేవాళ్లు అందులోకి వస్తారు, ఒక కుటుంబంలో ఒక్కరికే. సామాను కోసం హైదరాబాద్ బేగంబజార్ వెళ్లేవాళ్లు నెలకోసారి జాబితా రాసుకుని, కాజీపేటలో పొద్దుటి రైలెక్కి ఒక్క రోజులో ముగించండి. చిన్నచిన్న వాటికి వరంగల్ చౌరస్తా చాలు.

ఏడో అడుగు: కళ్లు, నడుము

ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా, ఇరవై అడుగుల అవతల ఉన్న చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడండి. గంటకోసారి లేచి నీళ్లు తాగండి. కింద కూర్చుని చేసేవాళ్లు నడుముకు దిండు పెట్టుకుని, ఫ్రేమును మోచేతి ఎత్తుకు తెచ్చుకోవాలి. మెడ వంచి ఫ్రేము దగ్గరికి మీరు వెళ్లడం కాదు, ఫ్రేమే మీ దగ్గరికి రావాలి. రాత్రి తప్పనిసరైతే గది లైటుతో పాటు పని మీద పడే టేబుల్ లైటు ఉండాలి, ముదురు రంగు గుడ్డలు మాత్రం పగలే. నలభై దాటినవాళ్లు ఏడాదికోసారి కళ్ల పరీక్ష చేయించుకోవాలి.

ఎనిమిదో అడుగు: అనుకోనిది వచ్చినప్పుడు

పాపకు జ్వరం, తేదీ ఎల్లుండి. ఇలాంటి రోజు తప్పకుండా వస్తుంది, దానికీ ఒక వరుస ముందే ఉండాలి.

ముందు పుస్తకం తీసి మిగిలిన గంటలు లెక్కపెట్టండి. రెండు మూడు గంటలే అయితే, పాప పడుకున్నప్పుడు చేసుకోగలిగిన దశలు ఏవో బీరువా తలుపు మీది కాగితంలో చూడండి. అంతకు మించితే వెంటనే కస్టమర్‌కు ఫోన్ చేయండి. తేదీ దాటాక చేసే ఫోన్‌కూ, రెండు రోజుల ముందు చేసే ఫోన్‌కూ చాలా తేడా ఉంటుంది. మెసేజ్ పెట్టొద్దు, మాట్లాడండి. ఇప్పటిదాకా అయిన పని ఫొటో తీసి పంపండి. తర్వాత రెండు దారులు చూపించండి: రెండు రోజులు ఆగడం, లేదా మీకు నమ్మకమున్న ఇంకొకరి చేత మిగతాది చేయించడం. ఆ ఇంకొకరు ఎవరో ఈ కష్టం రాకముందే తెలిసి ఉండాలి. మీ కాలనీలోనో, పక్క వీధిలోనో మీలాగే పనిచేసే ఇద్దరితో ముందే మాట అనుకోండి. ఎవరి ఇంట్లో కష్టమొస్తే మిగతావాళ్లు అంచు పని, చేతుల పని అందుకుంటారు, ఆ గంటల డబ్బు వాళ్లకే వెళ్తుంది. ముగ్గురూ ఒకే రకం సూది, ఒకే రకం దారం వాడితే కుట్టులో తేడా పెద్దగా రాదు. నెలకోసారి ముగ్గురి పుస్తకాలూ ఒకచోట పెట్టుకుని, ఎవరి నెల బరువుగా ఉందో, ఎవరి దగ్గర ఖాళీ ఉందో చూసుకోండి.